ప్రక్కనుండి వచ్చే వెలుగు

పున్నమినాటి చంద్రుణ్ణి దూరదర్శినితో చూచినవారు తరచు నిరాశ చెందుతారు. ఆకాశమంతటా వెన్నెల నింపే ఆ బింబంలో కొండలూ లోయలూ తెలియవు. సున్నం పూసిన పళ్ళెంలాగా చదునుగా తోస్తుంది. అదే చంద్రుణ్ణి సప్తమినాడో అష్టమినాడో చూస్తే, వెలుగూ చీకటీ కలుసుకొనే గీత వెంబడి గుంటలు, పర్వతాలు నీడలు చాచి లేచి నిలుస్తాయి. 1609లో గెలీలియో చంద్రునిపై పర్వతాలున్నవని గ్రహించినది ఈ నీడలను చూచియే. పున్నమినాడు సూర్యకాంతి చంద్రునికి ఎదురుగా పడుతుంది. అష్టమినాడు ప్రక్కనుండి సోకుతుంది. భేదమంతా అంతమాత్రమే.

ఈ భేదాన్ని ఒక చిన్న గదిలో అమర్చుకొని, దాని ఆధారంతో జీవనం సాగించే పనివారు ఉన్నారు. సముద్రపు అలలపై నిలబడి స్వారీ చేయడానికి వాడే సర్ఫ్‌బోర్డులను చేతితో చెక్కేవారు వారు. కాలిఫోర్నియా, హవాయి, ఆస్ట్రేలియా తీరాలు వారికి ఆటపట్టులు. 2021లో జరిగిన టోక్యో ఒలింపిక్స్‌లో ఈ క్రీడకు తొలిసారిగా స్థానం లభించినది. మన దేశంలో కూడ కర్ణాటకలోని ముల్కి, చెన్నై సమీపంలోని కోవళం వంటి తీరగ్రామాలలో ఇది వేళ్ళూనినది.

చెక్కేవాని పనిగది తలుపు తెరిచినవారికి, ఇక్కడ దీపాలు అమర్చినవానికి ఆ విద్య తెలియదేమోనన్న సందేహం కలుగుతుంది. పైకప్పున దీపం వెలుగుతూ ఉండదు. కిటికీలు ఉండవు, ఉన్నా మూసివేసి ఉంటాయి. గోడలకు ముదురు నీలమో, ముదురు ఆకుపచ్చో పూసి ఉంటుంది. పొడవైన రెండు గోడల వెంబడి, దాదాపు మనిషి నడుము ఎత్తున, ట్యూబులైట్లు అడ్డంగా బారులు తీరి ఉంటాయి. గది నడుమ రెండు స్టాండ్ల మీద, ఆ దీపాలకంటె కొంచెం దిగువగా, ఆరడుగులకు పైబడిన తెల్లని ఫోమ్ దిమ్మె ఉంటుంది. రెండు వైపులనుండి వచ్చే వెలుగు దాని ఉపరితలాన్ని ఒరుసుకొంటూ సాగిపోతుంది.

ఈ ఏర్పాటు అవసరం కావడానికి ఆ దిమ్మె తెలుపే ముఖ్య కారణం. పూర్వం హవాయి ద్వీపవాసులు కోవా, విలివిలి వంటి చెట్ల మానులతో ఈ పలకలను చేసుకొనేవారు. ఇరవయ్యవ శతాబ్ది మధ్యకాలంలో తేలికైన బాల్సా కర్ర వాడుకలోకి వచ్చినది. 1958 ప్రాంతంలో కాలిఫోర్నియాలో హోబీ ఆల్టర్, గోర్డన్ క్లార్క్ అనే ఇద్దరు పాలీయురెథేన్ ఫోమ్‌తో దిమ్మెలు పోతపోయసాగారు. అనతికాలంలోనే కర్ర వెనుకబడినది. కర్రకు గీతలుంటాయి, రంగుల తేడాలుంటాయి. చిత్రిక పట్టేవాని కంటికి అవి ఎంతో కొంత ఆనవాళ్ళు. ఫోమ్‌కు అట్టివేవీ లేవు. అది సుద్దవలె అంతటా ఒకే తెలుపు. దాని మీది మిట్టపల్లాలను కంటికి పట్టి ఇవ్వగలిగినది నీడ ఒక్కటే.

నీడ ఎట్లా ఏర్పడుతుందన్నది లెక్కకు అందని విషయం కాదు. నునుపుదేలని తలం మీద పడే వెలుగు, అది సోకే కోణాన్ని బట్టి మారుతుందన్న సూత్రాన్ని లాంబర్ట్ అనే శాస్త్రజ్ఞుడు 1760లో ప్రకటించిన తన ‘ఫొటోమెట్రియా’ గ్రంథంలో వివరించాడు. దీపం సరిగా నడినెత్తిన ఉన్నప్పుడు, పలక మీద ఒకచోట ఒక డిగ్రీ వాలు ఏర్పడినా అక్కడి వెలుగు ఆరువేలలో ఒక వంతైనా తగ్గదు. ఎంతటి నిపుణుని కన్నయినా దానిని గుర్తించజాలదు. అదే వెలుగు 5 డిగ్రీల కోణంలో ప్రక్కనుండి వస్తే, ఆ ఒక్క డిగ్రీ వాలుకే దాదాపు 20 శాతం మారుతుంది. దీపం వైపు తిరిగిన వాలు తెల్లబడుతుంది. అవతలికి తిరిగినది నల్లబడుతుంది. ఒక మిల్లీమీటరు ఎత్తు గల అంచు నీడ, 45 డిగ్రీల వెలుగులో ఒక మిల్లీమీటరే ఉంటుంది. 5 డిగ్రీల వెలుగులో 11 మిల్లీమీటర్లకు పైగా సాగుతుంది.

ఈ కిటుకు మన పనివారికి కొత్త కాదు. గోడకు పూత పూసిన తాపీ మేస్త్రి, దీపాన్ని గోడవారగా పట్టి ఎగుడుదిగుడులు చూస్తాడు. అరిగిపోయిన శిలాశాసనాన్ని చదవదలచినవారు మిట్టమధ్యాహ్నం కాక, ఎండ ఏటవాలుగా పడే ఉదయ సాయంకాలాల కోసం వేచి ఉంటారు.

గోడలకు ముదురు రంగు వేయడం కూడ అందుకే. తెల్లగోడలు వెలుగును నలుదిక్కులా వెదజల్లుతాయి. ఆ వెలుగు వెళ్ళి నీడలలో నిండుతుంది. కష్టపడి సంపాదించిన నీడ కాస్తా కరిగిపోతుంది. దీపాలపైన చిన్న బల్లను చూరువలె అమర్చడం వల్ల వెలుగు పైకప్పుకు ఎగబాకదు. పనివాని కళ్ళలోనూ కొట్టదు. ట్యూబులను ఒకదానికొకటి ఆనించినట్లు బారుగా పెట్టవలె. నడుమ ఎడం వదిలితే, పలక మీద లేని పల్లాన్ని ఉన్నట్లు చూపే దొంగనీడ పడుతుంది. దీపాల ఎత్తును మరొకరి గదినుండి కొలిచి తెచ్చుకొంటే సరిపోదు. స్టాండ్ల ఎత్తునూ, పనివాని ఒడ్డుపొడుగులనూ చూచుకొని నిర్ణయించుకోవలె.

పైదీపం బొత్తిగా అక్కరలేదని కాదు. పలక రూపురేఖలను దిమ్మె మీద గీసేటప్పుడు, కొలతలు తీసేటప్పుడు అది కావలె. అందుకని దానికి వేరే స్విచ్చి ఉంచుకొంటారు. గీయడం ముగియగానే దానిని ఆర్పివేస్తారు. కరెంటు చిత్రికతో దిమ్మె పొడవునా లాగిన ప్రతిసారీ సన్నని గట్టు ఒకటి మిగులుతుంది. ప్రక్కవెలుగులో ఆ గట్లు దున్నిన చేను చాళ్ళవలె కనబడతాయి. ఆకురాయితోనూ, పిదప ఉప్పుకాగితంతోనూ వాటిని ఒక్కొక్కటే కలిపివేస్తారు. అనుమానం కలిగిన చోట ఒక గోడ దీపాలను ఆర్పి, రెండవ గోడ వెలుగులోనే చూస్తారు. పిదప అటుది ఆర్పి ఇటుది వెలిగిస్తారు. ఒక వెలుగు దాచినది రెండవది బయటపెడుతుంది.

ఇంత శ్రమ ఎందుకన్న ప్రశ్నకు ఫోమ్ స్వభావమే సమాధానం. చెక్కి తీసినదానిని తిరిగి అతికించడం కుదరదు. ఎడమ అంచు ఒక విధంగా, కుడి అంచు మరొక విధంగా వస్తే, ఆ పలక నీటిలో ఒకవైపు చులకనగా, మరొకవైపు మొండిగా తిరుగుతుంది. దిమ్మెపై ఫైబర్‌గ్లాస్ వస్త్రం పరచి, రెజిన్ పూసి మెరుగు పెట్టిన తరువాత, అంతవరకు దాగిన లోపం అద్దంలో వంకరవలె బయటపడుతుంది. అప్పుడు దిద్దబోతే పలకకు బలమిచ్చే పై పొరనే కోయవలసి వస్తుంది.

గదికి ప్రమాదాలు కూడ లేకపోలేదు. నడుము ఎత్తున ఉన్న దీపానికి పలక కొన తగలడం ఎంతోసేపు పట్టదు. ట్యూబులైటు పగిలితే గాజుముక్కలతో పాటు పాదరసం కూడ వెలువడుతుంది. కనుక దీపాలకు కవచం తప్పనిసరి. మెత్తని ఫోమ్ ధూళి ఊపిరితిత్తులకు చేటు. ముక్కుకూ నోటికీ మాస్కు లేనిదే పనికి దిగరాదు. ఇప్పుడు ట్యూబులకు బదులు ఎల్‌ఇడి దీపాలు వస్తున్నాయి. కాని చుక్కలుగా వెలిగే ఎల్‌ఇడి పట్టీ ఒక్కొక్క గట్టుకు పలు నీడలు వేస్తుంది. వెలుగును పరచే తెర దాని ముందు ఉంచితేగాని పని జరగదు.

క్లార్క్ తరువాత స్వయంగా నెలకొల్పిన ఫోమ్ కర్మాగారం 2005 డిసెంబరు 5న హఠాత్తుగా మూతపడినది. దిమ్మెలకోసం పనివారు దిక్కులు చూడవలసి వచ్చినది. నేడు కంప్యూటరు ఆజ్ఞల ప్రకారం నడిచే యంత్రాలు ఎన్నో పలకలకు తొలిరూపు ఇస్తున్నాయి. అయినా యంత్రపు మొన విడిచిన గట్లను తుడిచి, అంచులను తుదిరూపుకు తేవడానికి ఆ దిమ్మె మళ్ళీ ముదురు గోడల గదికే వస్తుంది.

పని ముగిసినదనుకొన్నప్పుడు చెక్కేవాడు పైదీపం వెలిగిస్తాడు. ఆ వెలుగులో పలక ఏ లోపమూ లేకుండా, పున్నమి చంద్రునివలె కనబడుతుంది. అనుభవం లేనివాడు అక్కడితో తృప్తిపడి తలుపు వేసుకొని వెళ్ళిపోతాడు. అనుభవజ్ఞుడు పైదీపాన్ని ఆర్పి, ప్రక్కదీపాలు వెలిగించి, వంగి, పలకను కొననుండి కొనవరకు మరొకసారి చూస్తాడు.