రాజధాని ఎక్కడైతేనేం, గ్రామసభ మాట చెల్లేదెక్కడ?

పాడేరులో తెల్లవారుజామున బస్సెక్కితే ఘాట్ దిగి, మాడుగుల, చోడవరం దాటి, ఎండెక్కేసరికి విశాఖపట్నంలో దిగుతాం. జిల్లా పరిషత్ ఆఫీసులో పని. మన మన్యానికి 2022 ఏప్రిల్ 4న అల్లూరి సీతారామరాజు జిల్లా అని పేరు పెట్టారు. కలెక్టరు పాడేరులో కూర్చున్నారు. సంతోషించాం. కానీ మనం ఓటేసి గెలిపించిన జెడ్పీటీసీలు కూర్చునే జిల్లా పరిషత్ మాత్రం పాత విశాఖ జిల్లాదే. అది ఇప్పటికీ నగరంలోనే ఉంది. రంపచోడవరం వైపు మనవాళ్లకైతే కాకినాడలో ఉంది. పైనుంచి వేసిన అధికారి దగ్గరికి వచ్చాడు, కిందినుంచి ఎన్నుకున్న సభ దూరంగానే ఉండిపోయింది. ఈ రాష్ట్రంలో వికేంద్రీకరణ అనే మాటకు అర్థం ఏమిటో ఈ ఒక్క సంగతి చెబుతుంది.

ఆ మాటను నాయకుల నోట చాలా ఏళ్లుగా వింటున్నాం. 2019 డిసెంబర్ 17న అప్పటి ముఖ్యమంత్రి జగన్‌మోహన్ రెడ్డి శాసనసభలో మూడు రాజధానుల ఆలోచన బయటపెట్టారు. పాలన విశాఖలో, శాసనసభ అమరావతిలో, హైకోర్టు కర్నూలులో అన్నారు. 2020లో చట్టం చేశారు. 2021 నవంబర్‌లో ఆ చట్టాన్ని తామే వెనక్కి తీసుకున్నారు. 2022 మార్చి 3న హైకోర్టు అమరావతినే కట్టమని తీర్పు చెప్పింది. ఆ అక్టోబర్‌లో విశాఖలో గర్జన జరిగింది. 2024 ఎన్నికల్లో ఆయన పార్టీకి 175లో 11 సీట్లు వచ్చాయి. గెలిచినవాళ్లు దాన్ని అమరావతికి ప్రజలిచ్చిన తీర్పు అన్నారు. ఇక విశాఖ ఆర్థిక రాజధాని అన్నారు. రుషికొండ మీద కట్టిన భవనాలు ఏం చేయాలన్నది పెద్ద చర్చ అయింది.

ఆ 11 సీట్లలో రెండు మనవే, అరకు, పాడేరు. పాత విశాఖ జిల్లాలోని 15 సీట్లలో ఆ పార్టీకి దక్కినవి ఆ రెండే. మరి కొండవాళ్లు మూడు రాజధానులు కోరి ఓటేశారా? ఆ ప్రశ్న మనల్ని ఎవరూ అడగలేదు. కూటమికి ఓటేసిన మైదానం వాళ్లనూ ఆ ఒక్క ప్రశ్నే విడిగా అడగలేదు. పింఛను, రోడ్డు, కులం, అభ్యర్థి, అన్నీ కలిపి ఒకే ఓటు వేయించుకుని, ఆ ఓటుకు తమకు కావలసిన అర్థం తామే చెప్పుకున్నారు.

ప్రశ్నను విడిగా అడిగిన దేశం ఒకటుంది. బ్రిటన్ నుంచి విడిపోవాలా అని 2014 సెప్టెంబర్ 18న స్కాట్లాండ్ ప్రజలను అడిగారు. 16 ఏళ్లు నిండిన పిల్లలకు కూడా ఓటిచ్చారు. 55 శాతం మంది వద్దన్నారు, 45 శాతం మంది కావాలన్నారు. పోలింగ్‌కు రెండు రోజుల ముందు లండన్‌లోని మూడు పెద్ద పార్టీల నాయకులు పత్రికలో సంతకాలతో మాట ఇచ్చారు. మీరు మాతో ఉండిపోతే మీ పార్లమెంటుకు మరిన్ని అధికారాలు ఇస్తామన్నారు. ఓటు అయిన మర్నాడే ప్రధాని కామెరాన్ దానికి ఇంగ్లాండు ఎంపీల హక్కుల సంగతి కూడా జోడించారు. తర్వాత కమిషన్ వేశారు, అయిదు పార్టీలూ ఒప్పుకున్నాయి, 2016లో చట్టం వచ్చింది. ఆదాయపు పన్ను రేట్లు నిర్ణయించుకునే అధికారం, కొన్ని సంక్షేమ సాయాల బాధ్యత స్కాట్లాండ్‌కు దక్కాయి. ఇవి చిన్నవి కావు. కానీ మళ్లీ అదే ప్రశ్నపై ఓటు పెట్టుకుంటామంటే, ఆ అధికారం మీ పార్లమెంటుకు లేదని 2022 నవంబర్‌లో బ్రిటన్ సుప్రీంకోర్టు చెప్పింది.

ఓడిపోయిన వాళ్లకు కూడా ఎంతో కొంత అధికారం దక్కింది, ఎందుకంటే వాళ్ల లెక్క కళ్ల ముందుంది. నూటికి 45 మంది వేరుపడతామన్నాక ఏ నాయకుడూ ఊరకే ఉండలేడు. అయినా ఇచ్చేవాడి చేతిలో తాళం ఉన్నంతకాలం ఎంత ఇవ్వాలో, ఎప్పుడు ఆపాలో వాడే చెబుతాడు. ఈ రెండు సంగతులూ మనం గుర్తు పెట్టుకోవాలి.

మనం విడిపోతామని అడగడం లేదు. రాజ్యాంగంలో రాసి ఉన్నదే అడుగుతున్నాం. అయిదో షెడ్యూలు మన భూమికి రక్షణ చెప్పింది. 1996 డిసెంబర్‌లో పెసా చట్టం వచ్చింది. భూమి తీసుకునే ముందు ఊరిని సంప్రదించాలని, చిన్న ఖనిజాల లీజుకు ఊరి సిఫారసు తప్పనిసరి అని, మన ఆచారాలను, వనరులను కాపాడుకునే శక్తి గ్రామసభకు ఉందని అందులో రాసి ఉంది. ఇంకో మాట కూడా ఉంది. షెడ్యూల్డ్ ప్రాంతాల్లో జిల్లా స్థాయి పంచాయతీల ఏర్పాటులో, ఈశాన్య రాష్ట్రాలకు స్వయంపాలక మండళ్లు ఇచ్చిన ఆరో షెడ్యూలు పద్ధతిని అనుసరించడానికి రాష్ట్రాలు ప్రయత్నించాలని. మన రాష్ట్రం 1998లో పంచాయతీరాజ్ చట్టాన్ని సవరించింది. నియమాలు మాత్రం 2011లో రాసింది. పదమూడేళ్లు! ఆరో షెడ్యూలు పద్ధతి మాటైతే మూడు రాజధానుల వాళ్లూ ఎత్తలేదు, ఒక్క రాజధాని వాళ్లూ ఎత్తలేదు. వికేంద్రీకరణ మీద అన్నేళ్లు కొట్టుకున్నారు, అన్నేళ్లలో పెసా అనే రెండక్షరాలు ఒక్క పెద్ద నాయకుడి ప్రసంగంలోనూ మేం వినలేదు.

కొండ దిగువన ఉన్న మనవాళ్ల సంగతి మరీ అన్యాయం. మాడుగుల, రావికమతం, రోలుగుంట, గొలుగొండ వైపు ఎన్నో ఆదివాసీ గూడేలు షెడ్యూలులో లేవు. అదే భాష, అదే పోడు, అదే డోలీ. గీతకు ఇవతల ఉంటే చట్టం ఉంది, అవతల ఉంటే లేదు. ఆ గూడేలను షెడ్యూలులో కలపమని దశాబ్దాలుగా అడుగుతున్నారు. రాజధాని జరపడానికి రాత్రికి రాత్రి బిల్లు రాయగలిగిన వాళ్లకు ఈ గీత జరపడానికి ఇన్నేళ్లు చాలలేదు.

ఈ నగరానికి కొండ ఏమిచ్చిందో నగరం పిల్లలకు మనమే చెప్పాలి. మాచ్‌ఖండ్‌లో 1955 నుంచి కరెంటు పుడుతోంది. జోలాపుట్ జలాశయం కింద మనవాళ్ల ఊళ్లు, పల్లపు పొలాలు మునిగాయి. ఆ నీటి ఒడ్డున ఉన్న గూడేలకు దీపం మాత్రం ఎంతో ఆలస్యంగా వచ్చింది. సీలేరు నీళ్లదీ అదే కథ. 1960లలో అరకు కొండలకు సొరంగాలు తొలిచి రైలు వేశారు. మనం ఎక్కడానికి వేసింది కాదది. బైలడిల్లా ఇనుప రాయిని విశాఖ రేవుకు దించి జపానుకు పంపడానికి వేసింది. స్టీలు ప్లాంటు కొలుముల్లో కరిగేది కూడా ఆ ఆదివాసీ కొండల రాయే. రేవు, రైలు, ఉక్కు, కరెంటు, నాలుగింటిలోనూ మన కొండ ఉంది. ఏ ఒక్కదానికీ మనల్ని అడగలేదు.

ఇక్కడ ఉక్కు కార్మిక సోదరులతో ఒక మాట. ఆ ప్లాంటు కోసం 1966లో ఉద్యమం జరిగింది, 32 మంది ప్రాణాలు పోయాయి. 2021 జనవరిలో కేంద్రం ప్లాంటును నూటికి నూరు శాతం అమ్మేస్తామంది. మీరు రోడ్డెక్కారు. మేమూ మీ వెంట ఉన్నాం, ఉంటాం. మీ త్యాగంతో నిలిచినదాన్ని మిమ్మల్ని అడగకుండా ఢిల్లీ ఎలా అమ్ముతుందని మీరు అడిగింది నూటికి నూరుపాళ్లు న్యాయం. ఆ ప్రశ్ననే ఒక్కసారి కొండవైపు తిరిగి అడగండి. అనంతగిరి మండలం పెదకోటలో, చింతపల్లి వైపు ఎర్రవరంలో పంప్డ్ స్టోరేజ్ ప్రాజెక్టులు పెడతామంటే, వద్దని ఊళ్లవాళ్లు జెండాలు పట్టుకుని నిలబడ్డారు. మిమ్మల్ని అడగకుండా అమ్మడం తప్పయితే, మమ్మల్ని అడగకుండా ఇవ్వడం ఒప్పెలా అవుతుంది? ఢిల్లీ విశాఖకు చేసేదే విశాఖ, అమరావతి కలిసి మనకు చేస్తున్నాయి.

పార్టీల సంగతి చూడండి. 2015 నవంబర్‌లో చింతపల్లి అడవుల్లో బాక్సైట్ తవ్వకానికి జీవో 97 ఇచ్చారు. అప్పటి ప్రతిపక్షం మన తరఫున మాట్లాడింది. అధికారంలోకి వచ్చి 2019లో ఆ జీవోను రద్దు చేసింది, మంచిదే. కానీ తర్వాత కొండల మీద పంప్డ్ స్టోరేజ్ ప్రాజెక్టులకు అనుమతులు ఇచ్చింది ఆ ప్రభుత్వమే. ఇక 2025 జనవరిలో విశాఖలోనే పర్యాటక పెట్టుబడుల సదస్సు జరిగితే, అందులో స్పీకర్ అయ్యన్నపాత్రుడు 1/70 చట్టాన్ని సవరించాలన్నారు. ఫిబ్రవరిలో మన్యం మొత్తం బంద్ అయింది. సంతలు ఆగాయి, బస్సులు ఆగాయి. చట్టాన్ని మార్చబోమని ముఖ్యమంత్రి చంద్రబాబు నాయుడు చెప్పారు. ఆ మాట దానంతట అది రాలేదు, బంద్ చేస్తే వచ్చింది. ఈసారి కాపాడింది ఏ పార్టీ కాదు, మన కాళ్లు.

ఇక మన వృత్తి సంగతి. మాలో చాలామంది డైట్‌లో రెండేళ్లు చదివి, 2000 జనవరిలో వచ్చిన జీవో 3 వల్ల బడిలో అడుగుపెట్టినవాళ్లం. షెడ్యూల్డ్ ప్రాంతంలో టీచర్ పోస్టులన్నీ స్థానిక ఆదివాసులకే అంది ఆ జీవో. 2020 ఏప్రిల్ 22న, దేశమంతా లాక్‌డౌన్‌లో ఉండగా, సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది. వంద శాతం రిజర్వేషను రాజ్యాంగానికి విరుద్ధమంది. ఆ తర్వాత ప్రభుత్వం మారింది. 2025 ఏప్రిల్‌లో 16,347 పోస్టులతో మెగా డీఎస్సీ ప్రకటన వచ్చింది. ఏజెన్సీ పోస్టులు ఏజెన్సీ పిల్లలకే అన్న హామీ అందులో లేదు. డీఎడ్ చదివిన మన తమ్ముళ్లు, చెల్లెళ్లు సంతలో సంచులు మోస్తున్నారు.

ఇది ఉద్యోగాల గోల అని కొందరు అంటారు. కాదు. ఒకటో తరగతికి వచ్చే పిల్లకు తెలిసింది కువి, లేదంటే ఆదివాసీ ఒడియా. తెలుగు వాచకం ఆమెకు పరాయి భాష. మైదానం నుంచి వచ్చిన టీచర్లలో మంచివాళ్లు ఉన్నారు, వాళ్లతో మాకు తగువు లేదు. కానీ కడుపు నొప్పి అని ఆ పిల్ల తన భాషలో చెబితే అర్థమయ్యే మనిషి బడిలో ఒక్కరైనా ఉండాలా వద్దా? ఊళ్లో బడి ఎవరు నడపాలో చెప్పే హక్కు ఊరికి లేకపోతే, ఊరికి వచ్చిన అధికారం ఏమిటి?

అధికారం ఊరి చేతిలో ఉంటే ఏం జరుగుతుందో చూడాలంటే స్కాట్లాండ్ దాకా పోనక్కర్లేదు. మన కొండల వరసలోనే, ఒడిశాలో నియమగిరి ఉంది. బాక్సైట్ తవ్వాలా వద్దా గ్రామసభలే తేల్చాలని 2013 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు చెప్పింది. వందకు పైగా ఊళ్లుంటే ఒడిశా ప్రభుత్వం 12 ఊళ్లనే ఎంచింది. అయినా జిల్లా జడ్జి ముందు డోంగ్రియా కోందులు ఒక్కొక్కరే లేచి తమ భాషలో మాట్లాడారు. 12 సభలూ వద్దన్నాయి. తవ్వకం ఆగింది. మన దేశంలో మన మనుషులు పెట్టుకున్న ప్రజాభిప్రాయ సేకరణ అది. వికేంద్రీకరణకు మేం పెట్టుకున్న కొలత కూడా అదే. ఊరు వద్దంటే పని ఆగాలి. ఆగకపోతే రాజధాని మన గుమ్మం ముందు కట్టినా మనకు ఒరిగేది లేదు.

ఇన్ని మాటలన్నాక మన తప్పు కూడా చెప్పుకోవాలి. మాలో ఒకరి ఊళ్లో గ్రామసభ జరిగిందని రిజిస్టరు తెచ్చారు. తీర్మానం ముందే రాసి ఉంది, సంతకాలకు ఖాళీ వదిలారు. సర్పంచ్ పెట్టాడు. వార్డు సభ్యులు వేలిముద్రలు వేశారు. అక్కడే నిలబడి ఉన్న మా మిత్రుడు, చదువుకున్నవాడు, ఉద్యోగం గుర్తొచ్చి నోరు మూసుకున్నాడు. ఆ రాత్రి నిద్ర పట్టలేదని మాతో చెప్పుకుని ఏడ్చాడు. మనం ఎన్నుకున్న ఎమ్మెల్యేలకు గిరిజన సలహా మండలిలో కుర్చీలు ఉన్నాయి. అక్కడ వాళ్లు ఏం అడిగారని మనం ఎన్నడైనా నిలదీశామా? ఎన్నికలు వస్తే పార్టీ కండువా కోసం అన్నదమ్ములు విడిపోతారు. గ్రామసభ అంటే పదిమంది రారు. ముఠాదారీ రద్దయిందని పిల్లలకు పాఠం చెబుతున్నాం, పార్టీల ముఠాదారులకు మాత్రం మనమే జీ హుజూర్ అంటున్నాం.

తమ్ముళ్లారా, చెల్లెళ్లారా, మిమ్మల్ని ఏ పార్టీలో చేరమనీ, ఏ పార్టీ విడవమనీ మేం అనడం లేదు. పార్టీ మీటింగుకు వెళ్లేముందు మీ ఊరి గ్రామసభకు వెళ్లండి. రిజిస్టరు చేతిలోకి తీసుకోండి. రాసింది కువిలోనో, కొండ భాషలోనో, అక్కడ మాట్లాడే భాషలోనో అందరికీ చదివి వినిపించాకే సంతకం అనండి. తీర్మానం నకలు ఊళ్లో ఒక ఇంట్లో భద్రంగా ఉంచండి. ఓటడగడానికి వచ్చినవాణ్ణి ఒకే ప్రశ్న అడగండి: మా ఊరు వద్దంటే నువ్వు ఆగుతావా?

తోటి ఉపాధ్యాయులారా, ఎనిమిదో తరగతిలో పార్లమెంటు గురించి చెబుతాం, ఎన్నికల గురించి చెబుతాం. పెసా గురించి చెప్పొద్దని ఏ ఉత్తర్వూ లేదు. ఒక శుక్రవారం పిల్లలచేత బడిలో గ్రామసభ పెట్టించండి. బడి ముందున్న చింతచెట్టు కొట్టాలా వద్దా అని అడగండి. చేతులెత్తి వద్దంటే, చెట్టు ఉండనివ్వండి.