బట్టతలవానికి పిల్లనివ్వని సంఘమా!



ఈసారి మేము వ్రాసేది కొందరు పెద్దలకు నచ్చదు. అయినా వ్రాయక తప్పదు. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల చుట్టుపక్కల మేము తిరిగే సంఘాలలో పాతికేండ్లు నిండని తమ్ముళ్లు టోపీ పెట్టుకొని వచ్చి వెనక వరుసలో కూర్చుంటున్నారు. ప్రార్థన వేళ టోపీ తీయాలి గనుక కొందరు రావడమే మానుకుంటున్నారు. నెత్తిమీద జుట్టు పలచబడిందని దేవుని మందిరానికి రాలేకపోతున్నాడంటే, వాణ్ని అంతగా భయపెట్టింది ఎవరు?

మనవాళ్లే. సంబంధం మాట్లాడేటప్పుడు వినండి. అబ్బాయికి రక్షణ ఉంది, బాప్తిస్మం ఉంది, తాగడు, దుబాయిలో పని ఉంది. అంతా అయ్యాక ఫోటో చూసి, "పిల్లగాడు మంచోడే గని, తల..." అని ఆపేస్తారు. ఆ "గని" దగ్గర ఎన్ని సంబంధాలు విరిగిపోయాయో మాకు తెలుసు. అదే అబ్బాయి హైదరాబాదు వెళ్లి జుట్టు నాటించుకుంటానంటే, అదే పెద్దలు బైబిలు తెరిచి "ఇది లోకాశ, దేవుడిచ్చిన రూపాన్ని మార్చకూడదు" అంటారు. బట్టతల ఉంటే పిల్లనియ్యరు, పోగొట్టుకుందామంటే పాపమంటారు. వాడు ఎటు పోవాలి?

వారు చూపించే వాక్యం, మన తలవెండ్రుకలన్నీ లెక్కింపబడి ఉన్నాయన్నది. లూకా 12వ అధ్యాయం మొత్తం చదవండి. ప్రాణభయంలో ఉన్న శిష్యులకు, పిచ్చుకలకంటె మీరు శ్రేష్ఠులు, భయపడకండి అని ధైర్యం చెప్పిన మాట అది. జుట్టు నాటడం మీద ఆజ్ఞ కాదు. పైగా ఈ చికిత్సలో లెక్క పెరగదు కూడా. తల వెనక, పక్కల ఉన్న వెండ్రుకలను కుదుళ్లతో తీసి ముందు నాటుతారు, అంతే. ఒక వెండ్రుకనైనా తెలుపుగా గాని నలుపుగా గాని చేయలేమన్న మత్తయి 5వ అధ్యాయపు మాటను చూపేవారు, శనివారం రాత్రి మీసానికి వేసే రంగు సంగతి కూడా చెప్పాలి. కండ్లద్దాలు, కట్టుడు పండ్లు అడ్డం రాని పరిశుద్ధత నడినెత్తి దగ్గరే ఎందుకు అడ్డం వస్తుంది?

బట్టతల గురించి లేఖనం సూటిగా మాట్లాడిన చోటు లేవీయకాండము 13వ అధ్యాయం, 40, 41 వచనాలు. తల వెండ్రుకలు రాలిన మనుష్యుడు బట్టతలవాడే గాని పవిత్రుడని ధర్మశాస్త్రం తీర్పు చెప్పింది. వెంటనే, ఆ తలమీద పొడ వంటిది కనిపిస్తే యాజకుడు వేరుగా పరీక్షించాలని చెప్పింది. జుట్టు రాలడం వేరు, రోగం వేరు. మోషే కాలంలో తెలిసిన ఈ తేడా మన సంబంధాల పెద్దలకు తెలియడం లేదు. బేతేలు దారిలో ఎలీషాను బోడివాడని ఎగతాళి చేసినవారి గతి ఏమైందో ఆదివారపు బడి పిల్లలకు కూడా తెలుసు. ఆ కథ చెప్పి నవ్వించే ప్రసంగీకులు, దేవుడు ఎవరి పక్షాన నిలిచాడో గమనించరు. మన జిల్లాలోనే వేములవాడలో మొక్కు తీర్చి గుండుతో వచ్చినవాణ్ని ఎవరూ నవ్వరు. జుట్టు తానే రాలితే మాత్రం నవ్వు.

ఇది శాపం కాదు. దుబాయి నీళ్లో, సాంచాల వేడో, హెల్మెట్టో కాదు ప్రధాన కారణం. నుదుటి మూలల నుంచి, నడినెత్తి నుంచి పలచబడే ఈ రకం వంశపారంపర్యం. తల్లి వైపు నుంచీ రావచ్చు, తండ్రి వైపు నుంచీ రావచ్చు. డీహెచ్‌టీ అనే హార్మోను వల్ల కుదుళ్లు సన్నబడుతూ పోతాయి. రూపాయి బిళ్లంత మచ్చగా ఊడే పేనుకొరుకుడు వేరే జబ్బు. దాన్ని వేరుగా చూపించుకోవాలి. ప్రార్థన చేసిన నూనె అని సీసాలు అమ్మేవారి గురించి ఒక్క మాట: నూనె అమ్ముకోండి, ప్రభువు నామం దానిమీద అంటించకండి.

అయితే నాటించుకోబోయే తమ్ముళ్లు కూడా వినాలి. 2025 ఏప్రిల్‌లో హైదరాబాదు ఉప్పల్‌లో ఢిల్లీ నుంచి వచ్చినాయన గుండు గీసి మందు రాస్తే జుట్టు మొలుస్తుందన్నాడని వందలమంది వరుస కట్టారు. ఆ వరుసలో నిలబెట్టింది అమాయకత్వం కంటె అవమానమే అని మా నమ్మకం. 2016లో చెన్నైలో ఒక వైద్యవిద్యార్థి జుట్టు నాటే చికిత్సలో ప్రాణం పోగొట్టుకున్నాడు. 2022లో జాతీయ వైద్య కమిషన్, యూట్యూబులోనో వర్క్‌షాపులోనో చూసి నేర్చుకున్నది ఈ పనికి చాలదని మార్గదర్శకాలు ఇచ్చింది. సూది పట్టేది ఎవరో, వారి చదువేమిటో అడగండి. ఇంకొకటి, చిన్న వయసులో నాటిస్తే నాటినవి నిలిచినా చుట్టూ ఉన్నవి రాలుతూనే ఉంటాయి. వెనక ఉన్న పంట కూడా అంతులేనిది కాదు. అందుకే మంచి వైద్యులు ముందు మందులు వాడి చూడమంటారు. మినాక్సిడిల్ గాని ఫినాస్టరైడ్ గాని ఆపితే ఫలితం కూడా ఆగుతుంది. ఫినాస్టరైడ్ వల్ల కొద్దిమందికి దాంపత్యపరమైన ఇబ్బందులు వస్తాయి గనుక చర్మవైద్యుని అడగకుండా ముట్టవద్దు.

సిరిసిల్లలో సాంచాల మీద పనిచేసే 23 ఏండ్ల తమ్ముడొకడు మూడు రూపాయల మిత్తికి లక్ష తెస్తానని మా దగ్గరకు వచ్చాడు. నెలకు 3,000, ఏడాదికి 36,000 మిత్తికే పోతాయి, అసలు అట్లనే ఉంటుంది. పాపమని మేము అనలేదు. అప్పు వద్దన్నాము, ముందు వైద్యుని దగ్గర ఒక ఏడాది మందు వాడి చూడమన్నాము. వాడు తల వంచుకొని అడిగాడు: "అయ్యగారూ, పిల్ల తరపోళ్లు అప్పటిదాక ఆగుతరా?"

దానికి జవాబు చెప్పవలసింది మేము కాదు. సంబంధాలు మాట్లాడే పెద్దలు ఈ ఆదివారం ఆరాధన అయ్యాక వెళ్లిపోకుండా కూర్చోండి. ఆ తమ్ముడు కూడా ఉంటాడు, టోపీ లేకుండా.