చేతబడి గురించి ముందు ఏం చదవాలి?

ఫిలింనగర్‌లో ఏ కథలకు గిరాకీ ఉందో తెలియాలంటే ప్రొడక్షన్ ఆఫీసుల దాకా వెళ్లక్కర్లేదు. కృష్ణానగర్ టీ కొట్టు దగ్గర పది నిమిషాలు నిలబడితే చాలు. ఒకప్పుడు ఫ్యాక్షన్ కథలు, మరికొన్నాళ్లు ప్రేమకథలు, ఈ నాలుగైదేళ్లుగా చేతబడి. 2021లో ‘మా ఊరి పొలిమేర’, 2022లో ‘మసూద’, 2023లో ‘విరూపాక్ష’, అదే ఏడాది ‘పొలిమేర’ రెండో భాగం. ఇది కొత్త సంగతేమీ కాదు లెండి. 1951లో ‘పాతాళభైరవి’లో ఎస్వీ రంగారావు నేపాళ మాంత్రికుడై వచ్చిన నాటినుంచీ మన తెరకు మంత్రగాడు దగ్గరి చుట్టమే. యండమూరి ‘తులసిదళం’ చదివి రాత్రి దీపం ఆర్పడానికి జంకిన తరం మాది.

ఈ ప్రాంతపు సంఘాల్లో ఆదివారం ఒకే బెంచీ మీద ఇద్దరు కూర్చుంటారు. ఒకరు అలాంటి కథ రాస్తున్న అసిస్టెంటు డైరెక్టరు. ఇంకొకరు ఇంటర్నేషనల్ స్కూల్లో చదువుతూ, ఫోనులో టారో కార్డులు, స్ఫటికాలు, ‘విక్కా’ అంటూ ఏవేవో చూసే పిల్ల. ఇద్దరూ దాదాపు ఒకే ప్రశ్న వేస్తారు. ‘‘అయ్యగారూ, దీని గురించి తెలుసుకోవాలంటే ముందు ఏం చదవాలి?’’

ఈ ప్రశ్నకు మన సేవకులు సాధారణంగా రెండు జవాబులు చెబుతారు. ఒకటి, ‘‘అటువైపు కన్నెత్తి చూడకు.’’ రెండోది, మాజీ మంత్రగాడు ఎవరో రాసిన సాక్ష్యం పుస్తకం చేతిలో పెట్టడం. మొదటి జవాబుతో ప్రశ్న చావదు, మన దగ్గరికి రావడం మానేస్తుంది, అంతే. రెండో జవాబు మరీ ప్రమాదం.

ఎందుకో చెబుతాను. 1972లో అమెరికాలో మైక్ వార్న్‌కె అనే బోధకుడు తానొకప్పుడు సాతాను పూజారినని ‘ది సేటన్ సెల్లర్’ అనే పుస్తకం రాశాడు. అది విపరీతంగా అమ్ముడైంది. ఎన్నో సంఘాలు ఆయనను వేదిక ఎక్కించాయి. ఇరవై ఏళ్ల తర్వాత, 1992లో, ‘కార్నర్‌స్టోన్’ అనే పత్రిక ఆయన కళాశాల రోజుల నాటి స్నేహితులను వెతికి పట్టుకుని విచారించి, ఆ సాక్ష్యం నిలబడదని తేల్చింది. అది నాస్తికుల పత్రిక కాదు, క్రైస్తవుల పత్రికే! మన వాళ్లే మన వాళ్ల అబద్ధాన్ని బయటపెట్టారు. అది నాకు గర్వంగా ఉంటుంది. అయితే ఆ ఇరవై ఏళ్లలో ఆ పుస్తకాన్నే మొదటి పుస్తకంగా చదివినవారి మనసుల్లో పడిన భయాన్ని ఎవరు తీస్తారు? తెలుగులో దొరికే సాక్ష్యాలన్నీ అబద్ధాలని నేననడం లేదు. మొదటి పుస్తకం అది కాకూడదంటున్నాను. ఎందుకంటే అలాంటి పుస్తకం ఒకే ఒక్క మాట నేర్పుతుంది. ‘‘నీ బాధ వెనుక ఎవరో ఉన్నారు.’’

ఆ ‘ఎవరో’ అన్న మాట దగ్గరే మన రాష్ట్రంలో ప్రాణాలు పోతున్నాయి.

2019 సెప్టెంబరులో, ఈ జూబ్లీహిల్స్ నుంచి గంటా గంటన్నర ప్రయాణం, శామీర్‌పేట మండలం అద్రాస్‌పల్లిలో, జబ్బుతో చనిపోయిన ఒక స్త్రీ చితిలోనే ఒక యువకుణ్ణి కాల్చేశారు. ఆమెకు చేతబడి చేశాడని అనుమానం. 2022 జనవరిలో జగిత్యాల పట్టణంలో ఒక తండ్రినీ ఇద్దరు కొడుకులనూ అదే అనుమానంతో చంపారు. 2024 అక్టోబరులో మెదక్ జిల్లా కాట్రియాలలో ఒక స్త్రీని అదే నిందతో తగలబెట్టారు. వీళ్లెవరూ స్ఫటికాలు అమ్ముకున్నవాళ్లు కారు, టారో కార్డులు పరిచినవాళ్లు కారు. మంత్రవిద్య మీద ఒక్క పుస్తకం చదివినవాళ్లని కూడా అనుకోను. ఎవరి ఇంట్లోనో జ్వరం తగ్గలేదు, ఎవరి బిడ్డో చనిపోయింది, ‘ఎవరో చేశారు’ అన్నారు, వేలు ఒక ఇంటివైపు తిరిగింది.

‘విరూపాక్ష’ చూసినవారికి గుర్తుండే ఉంటుంది. క్షుద్రపూజలు చేస్తున్నారని ఒక జంటను ఊరి జనం తగలబెట్టడంతో ఆ కథ మొదలవుతుంది. తెర మీద అది కథకు నాంది. అద్రాస్‌పల్లిలో అదే కథంతా.

మరి ముందు ఏం చదవాలి? పరిశుద్ధ గ్రంథమే చదవమంటాను. పాస్టరు ఇంకేం చెబుతాడు అనుకోకండి! మనం అలవాటుగా చదివే రెండు వచనాలు కాదు, ఆ సంగతి వచ్చిన చోటల్లా మొత్తం అధ్యాయం చదవాలి. ముందుగా 1 సమూయేలు 28. ఏన్దోరులో కర్ణపిశాచి గల స్త్రీ దగ్గరికి సౌలు రాత్రివేళ మారువేషంలో వెళతాడు. ఆ చాటు పని ఎంత పాపమో ఆ అధ్యాయం దాచదు, సౌలు నాశనానికి అదొక కారణమని దినవృత్తాంతాల గ్రంథం తేల్చి చెబుతుంది (1 దిన. 10:13). అయితే అధ్యాయం చివర మనం ఎప్పుడూ ప్రసంగించని సంగతి ఒకటుంది. పగలూ రాత్రీ ఏమీ తినక నేలమీద పడిపోయిన రాజును చూసి ఆమె తన ఇంట్లో ఉన్న కొవ్విన దూడను కోసి, పులియని రొట్టెలు కాల్చి, బతిమాలి అన్నం పెట్టింది. లేఖనం ఆమె వృత్తిని సమర్థించలేదు, ఆమెను రాక్షసిగానూ చూపలేదు. మన సినిమాలకు చేతకానిది, చాలా సందర్భాల్లో మన ప్రసంగాలకూ చేతకానిది ఇదే.

తర్వాత అపొస్తలుల కార్యములు. ఎనిమిదో అధ్యాయంలో సమరయ గారడీవాడు సీమోను, పదమూడులో ఎలుమ, పదహారులో ఫిలిప్పీలో సోదె చెప్పే చిన్నది. ఆ చిన్నదాని కథలో కోపం వచ్చింది ఎవరికి? ఆమె సోదె మీద లాభం తింటున్న యజమానులకు. భయం ఎప్పుడూ ఒకరి వ్యాపారమే. పందొమ్మిదో అధ్యాయంలో ఎఫెసు వారు మాంత్రిక పుస్తకాలు తెచ్చి కాల్చారు, వాటి వెల యాభై వేల వెండి రూకలు. మనం ఆ లెక్క దగ్గర ఆగిపోతాం. కాల్చింది ఎవరి పుస్తకాలు? ఎవరివి వారు తెచ్చుకుని కాల్చుకున్నారు. పొరుగింటి మీద పడలేదు. మనిషిని ముట్టలేదు.

ఇక యేసు ప్రభువు దగ్గరికి రండి. సువార్తల్లో దయ్యాలున్నాయి, నేను లేవనను. సెమినరీలో నాకు నేర్పిన గ్రీకు నా విశ్వాసాన్ని ఎత్తుకుపోలేదు. కానీ నాలుగు సువార్తలూ ముందుపెట్టుకుని వెతకండి. దయ్యం పట్టినవారిని స్వస్థపరచిన ఏ సందర్భంలోనైనా ‘‘దీన్ని నీ మీదికి ఎవరు పంపారు?’’ అని ఆయన అడిగాడా? ఫలానా వారు చేశారని చెప్పాడా? ఒక్కచోట కూడా లేదు. మార్కు తొమ్మిదిలో మూర్ఛ వచ్చి నిప్పుల్లో, నీళ్లలో పడిపోయే కుర్రవాణ్ణి తండ్రి తీసుకొచ్చాడు. ఆయన అడిగింది ఇది ఎంతకాలంగా ఉందని (మార్కు 9:21). వైద్యుడు అడిగే ప్రశ్న! యోహాను తొమ్మిదిలో శిష్యులు పుట్టుగుడ్డిని చూపి ‘ఎవరి పాపం’ అని అడిగితే ఆ ప్రశ్ననే తోసిపుచ్చాడు.

మనలో కొందరు సేవకులు చేస్తున్నదేమిటి? ప్రార్థనకు వచ్చిన స్త్రీ తల మీద చెయ్యి పెట్టి, కళ్లు మూసుకుని, ‘‘నీ దగ్గరివాళ్లే నీకు చేశారమ్మా’’ అంటారు. పేరు చెప్పరు, చెప్పక్కర్లేదు కూడా. ఆమె ఇంటికి వెళ్లేలోగా తోడికోడలో, పక్కింటి ముసలావిడో ఆ ఖాళీలో కూర్చుంటారు. ఆ తర్వాత నూనె సీసా. పేరు వేరు కావచ్చు, మంత్రగాడి తాయెత్తుకూ దానికీ తేడా నాకు కనబడదు. ఈ మాటకు కొందరు సోదరులు నా మీద కోపపడతారు, పడనివ్వండి.

బైబిలు తర్వాత చరిత్ర చదవాలి. ఇది ముఖ్యంగా మన ప్రొటెస్టెంటువారికి. ఐరోపాలో 15 నుంచి 18వ శతాబ్దం వరకు మంత్రగత్తెలన్న నిందతో చంపబడినవారు నలభై, యాభై వేల మంది ఉంటారని చరిత్రకారుల లెక్క. కేథలిక్కు దేశాల్లోనూ చంపారు, మన సంస్కరణ సంఘాల దేశాల్లోనూ చంపారు. నిర్గమ 22:18ని చేతపట్టుకుని చంపారు. ఆ వచనంలో మన తెలుగు బైబిలు ‘శకునము చెప్పునది’ అంటుంది, 1611 నాటి ఇంగ్లీషు బైబిలు ‘విచ్’ అంది. ఆ అనువాదం ఏ రాజు పేరున వచ్చిందో ఆ జేమ్స్ రాజు అంతకు ముందే 1597లో మంత్రగత్తెల మీద స్వయంగా పుస్తకం రాసినవాడు! 1692లో అమెరికాలోని సేలం ఊళ్లో ప్యూరిటన్ భక్తులు పందొమ్మిది మందిని ఉరితీశారు, ఎనభై దాటిన ఒక ముసలాయనను బండల కింద నలిపి చంపారు. అయిదేళ్ల తర్వాత ఆ న్యాయమూర్తుల్లో ఒకరైన శామ్యూల్ స్యూయల్, ఉపవాస దినాన గుడిలో అందరిముందూ లేచి నిలబడి, తన ఒప్పుకోలును పాస్టరు చేత చదివించాడు. ఆ గుడిలో ఆ నిమిషం గురించి మన యౌవనస్థులకు ఎవరైనా చెప్పారా? దానికన్నా ముందే, 1631లో, ఫ్రెడరిక్ స్పీ అనే జెసూట్ ఫాదరు ఈ విచారణలను ఖండిస్తూ పేరు లేకుండా పుస్తకం వేశాడు. హింసిస్తే ఎవరైనా మంత్రగత్తెనని ఒప్పుకుంటారని ఆయన వాదం. కేథలిక్కు ఫాదరే కావచ్చు, ఈ విషయంలో మనం ఆయన దగ్గర కూర్చుని నేర్చుకోవాలి.

టారో, విక్కా అడిగే పిల్లలకు కూడా చరిత్రే మంచి మందు. టారో పేకలు పదిహేనో శతాబ్దపు ఇటలీలో ఆటకోసం పుట్టాయి, జోస్యానికి వాడకం పద్దెనిమిదో శతాబ్దపు ఫ్రాన్సులో ఊపందుకుంది. అవి ఈజిప్టు రహస్యాలన్నది అప్పటి కల్పన. విక్కా అంటే వేల ఏళ్ల నాటి మతమని రీళ్లలో చెబుతారు. మలయాలో కస్టమ్స్ ఉద్యోగం చేసి రిటైరైన జెరాల్డ్ గార్డ్‌నర్ అనే ఆంగ్లేయుడు 1954లో పుస్తకం రాసి దాన్ని లోకానికి పరిచయం చేశాడు. రోనాల్డ్ హట్టన్ అనే చరిత్రకారుడు 1999లో దీన్నంతా తవ్వి తీశాడు. ఇంగ్లీషు బాగా చదవగల పిల్లలకు నేను ఆ పుస్తకం పేరే చెబుతాను. ఒక పాస్టరు చెప్పాల్సిన పుస్తకమా అని అడిగారొకరు. చెప్పాల్సిందే. ఎందుకంటే విక్కా వారు సాతానును పూజిస్తారని మనం ప్రసంగాల్లో చెబుతున్నాం. వాళ్ల నమ్మకాల్లో సాతానే లేడు. వాళ్ల దారి నాకు సమ్మతం కాదు, ద్వితీయోపదేశకాండము పద్దెనిమిది నాకు ఇంకా వర్తిస్తుంది. అయినా అబద్ధసాక్ష్యం పలకవద్దన్న ఆజ్ఞ కూడా అంతే వర్తిస్తుంది కదా!

‘పేగన్’ అన్న మాట గురించి ఒక హెచ్చరిక. లాటిన్‌లో ఆ మాటకు మూలార్థం పల్లెవాసి. ఇప్పుడు ఇంగ్లీషు పుస్తకాల్లో ‘పేగనిజం’ అంటే ఎక్కువగా క్రైస్తవానికి ముందున్న ఐరోపా దేవతలను మళ్లీ కొలిచేవారి సంగతి. దాన్ని తెచ్చి జూబ్లీహిల్స్ పెద్దమ్మ గుడికో, ఆషాఢంలో బోనమెత్తిన ఆడబిడ్డకో అంటించకండి. అది మన పొరుగువారి సజీవమైన మతం, క్షుద్రవిద్య కాదు. మనం ఒకే గోడ పంచుకుని బతుకుతున్నాం.

ఆ అసిస్టెంటు డైరెక్టరు కుర్రవాడికి ఇవన్నీ చెప్పి, చివర ఇంకో మాట చెప్పాను. ‘‘పుస్తకాలు చదివాక, కథ రాసే ముందు, ఎవరో ఒక మానసిక వైద్యుణ్ణి కలువు నాన్నా. తర్వాత ఇలాంటి నిందపడి ఊరొదిలి వచ్చిన కుటుంబం ఎక్కడుందో కనుక్కుని కలువు.’’ ‘‘వాళ్లు మాట్లాడతారా అయ్యగారూ?’’ అన్నాడు. మాట్లాడకపోయినా కాసేపు వాళ్లింట్లో కూర్చుని రమ్మన్నాను. 1980లలో మెదక్ జిల్లాలో బాణామతి భయం ముదిరినప్పుడు విజయవాడ నాస్తిక కేంద్రం వారు వైద్యులను వెంటపెట్టుకుని పల్లె పల్లె తిరిగారు. దేవుడు లేడనేవాళ్లు ఆ గడపల్లోకి వెళ్లారు. మన సంఘాల నుంచి అలా కూడగట్టుకుని వెళ్లినవారు నాకు తెలిసి లేరు.

మా యౌవనస్థుల కూటంలో వచ్చే నెల మూడు వారాలు ఇదే అంశం పెట్టుకున్నాం. మొదటి వారం 1 సమూయేలు 28, రెండో వారం సేలం, మూడో వారం మన సంఘంలోనే ఉన్న ఒక మానసిక వైద్యురాలు మాట్లాడతారు. ప్రశ్నలు పేరు లేకుండా కాగితం మీద రాసి ఇవ్వవచ్చు. షూటింగు ఆలస్యమై ఎనిమిదింటికి రావలసినవారు తొమ్మిదింటికి వచ్చినా ఫరవాలేదు, టీ ఉంచుతాం.