విధేయుడి ధిక్కారం

చైనా కమ్యూనిస్టు పార్టీని పార్టీ లోపలే ఉండి విమర్శించినవారిలో డూ దావోజెంగ్ స్థానం విలక్షణమైనది. 1923లో షాన్‌సీ రాష్ట్రంలో పుట్టి, జపాన్ దండయాత్ర నాటి 1937లో పద్నాలుగేళ్ల ప్రాయంలోనే పార్టీ సభ్యుడైన ఆయన, ప్రభుత్వ వార్తాసంస్థ షిన్‌హువాలో పనిచేస్తూ 1959లో ‘మితవాద అవకాశవాది’ అన్న ముద్రకు గురై, మావో అనంతర కాలంలో మేధావుల పత్రికగా పేరుపొందిన గ్వాంగ్‌మింగ్ దినపత్రికకు ప్రధాన సంపాదకుడై, 1987లో దేశంలోని పత్రికలనూ ప్రచురణలనూ నియంత్రించే ప్రభుత్వ శాఖకు అధిపతి అయ్యారు. పత్రికల మెడకు ఉచ్చు ఎలా బిగుస్తుందో తాడు పట్టుకున్న వైపునుంచి చూసిన అనుభవం ఆయనది. ఆయన్ని కేవలం స్వేచ్ఛావాదిగా కీర్తించేవారు ఈ అధ్యాయాన్ని చప్పున దాటేస్తుంటారు.

తియానన్‌మెన్ ఉద్యమాన్ని సైన్యంతో అణచివేసిన 1989లోనే ఆ పదవి పోయింది. రెండేళ్లకు, లాంగ్ మార్చ్‌లో పాల్గొన్న సేనాని షియావో కె వంటి పెద్దల అండతో ‘యాన్‌హువాంగ్ చున్‌చియు’ అనే మాసపత్రిక దావోజెంగ్ ప్రచురణకర్తగా బీజింగ్‌లో మొదలైంది. యాన్, హువాంగ్ అనేవారు చైనీయులు తమ మూలపురుషులుగా చెప్పుకునే పురాణ చక్రవర్తులు. చున్‌చియు అంటే వసంత శరత్తులు, అంటే ప్రాచీన రాజ్య వృత్తాంతానికి వాడుకలో ఉన్న పేరు. ఇంత సంప్రదాయబద్ధమైన పేరు కింద అచ్చయినవి మాత్రం 1957 నాటి మితవాద వ్యతిరేక ఉద్యమం, ‘గొప్ప ముందంజ’ తెచ్చిపెట్టిన కరువు, సాంస్కృతిక విప్లవం గురించి వాటిని అనుభవించినవారు, వాటిలో పాలుపంచుకున్నవారు రాసిన వ్యాసాలు. హూ యావోబాంగ్‌ను పార్టీ ప్రధాన కార్యదర్శి పదవినుంచి తప్పించాక ఆయన పేరెత్తడానికే పత్రికలు జంకుతున్న కాలంలో, 2005లో ఈ పత్రిక ఆయన స్మృతి వ్యాసాలను ప్రచురించింది. విశ్రాంత అధికారులే దీనికి ప్రధాన పాఠకులు కావడం గమనార్హం. ఇందులో చదివిన చరిత్రలో కొంత వారి సొంత చరిత్రే.

ఇదంతా తిరుగుబాటు ధోరణిలో జరగలేదు. సైన్యాన్ని పార్టీనుంచి విడదీయడం, అధికార విభజన, 1989 జూన్ ఘటనలు, అధికారంలో ఉన్న నాయకులు, వారి కుటుంబాలు వంటి కొన్ని విషయాల జోలికి పోకూడదన్న అవగాహనకు పత్రిక అధికారులతో వచ్చింది. గీత గీయించుకుని, ఆ గీత అంచుదాకా నడవడమే దావోజెంగ్ పద్ధతి. 2001లో పత్రిక పదో వార్షికోత్సవానికి ఇప్పటి దేశాధినేత తండ్రి షీ జోంగ్‌షున్ ప్రశంసావాక్యం రాసివ్వడం ఆ పద్ధతికి దక్కిన కవచం. అయితే తెరవెనుక ఆయన ఆ గీతను దాటారు కూడా: గృహనిర్బంధంలో ఉన్న మాజీ ప్రధాన కార్యదర్శి జావో జియాంగ్ రహస్యంగా తన జ్ఞాపకాలను టేపుల్లో నమోదు చేయడానికి తోడ్పడిన కొద్దిమందిలో ఆయనొకరు; జావో 2005లో మరణించాక ఆ టేపులు 2009లో పుస్తకంగా వెలువడ్డాయి. అప్పటికీ దావోజెంగ్ పార్టీని వీడలేదు. పార్టీ రాసుకున్న రాజ్యాంగాన్నే పార్టీ పాటించాలన్నది ఆయన వాదన కాబట్టి, వీడాల్సిన అవసరం ఆయనకు కనిపించి ఉండదు.

ఈ విధేయతలో ఉన్న బలహీనత కూడా అక్కడే ఉంది. పత్రికను కాపాడింది చట్టం కాదు, వృద్ధ విప్లవకారుల పలుకుబడి. వారు ఒక్కొక్కరే కన్నుమూస్తుంటే కవచం పలచబడింది. 2013 కొత్త సంవత్సర సంచికలో, రాజకీయ సంస్కరణకు రాజ్యాంగమే ఉమ్మడి ప్రాతిపదిక అని రాసినందుకు పత్రిక వెబ్‌సైటు మూతపడింది. చైనాలో ప్రతి పత్రికా ఏదో ఒక అధికారిక సంస్థ పర్యవేక్షణ కింద ఉండాలి. 2014లో ఆ సంస్థను మార్చి, సాంస్కృతిక మంత్రిత్వశాఖకు చెందిన చైనా జాతీయ కళల అకాడమీకి పత్రికను అప్పగించారు. ప్రధాన సంపాదకుడు వూ సి, మహాకరువుపై ప్రసిద్ధ గ్రంథం రాసిన యాంగ్ జిషెంగ్ వైదొలగారు. 2016 జూలైలో అకాడమీ సంపాదకవర్గాన్ని తొలగించి, తన మనుషులను కార్యాలయంలోకి పంపింది. తొంభై దాటిన దావోజెంగ్ అదే నెల 17న పత్రికను ఆపేస్తున్నట్లు ప్రకటిస్తూ, ఇకపై ఆ పేరుతో ఎవరు ఏది అచ్చువేసినా తమకు సంబంధం లేదని స్పష్టం చేశారు. ప్రచురణకర్త వద్దన్నా, కొత్త యాజమాన్యం అదే పేరుతో పత్రికను కొనసాగించింది.