ఇంటికి దక్కవలసిన వేళ

ఉద్యోగమునకును గృహమునకును పొత్తు కుదుర్చుట యెట్లన్న ప్రశ్న, భార్యాభర్తలిరువురును పనికి పోవు మన ప్రవాసాంధ్ర కుటుంబములలో నిత్యము వినవచ్చునదే. తెల్లవారుజామున లేవవలెననియు, పనుల పట్టిక వేసికొనవలెననియు, ఓపిక పట్టవలెననియు మనము చెప్పుకొను సమాధానము భారమంతయు ఒక్కరి నెత్తిన, తరచుగ ఇల్లాలి నెత్తిన, మోపి ఊరకుండును. ఈ సమాధానము చాలదని తేటపరచిన పరిశోధన యొకటి కలదు.

హార్వర్డ్ బిజినెస్ స్కూలు ఆచార్యురాలు లెస్లీ పెర్లో, 1990 దశకమున ఒక పెద్ద కంపెనీలోని సాఫ్ట్‌వేర్ ఇంజనీర్ల నడుమ నెలల తరబడి మెలగి, వారి పగళ్లు ఎట్లు గడచుచున్నవో గమనించినారు. పగలంతయు సందేహముల పేరిటను, సమావేశముల పేరిటను ఒకరి పనికి ఒకరు అడ్డు తగులుటచేత, ఏకాగ్రత వలయు అసలు పని సాయంకాలములకును సెలవు దినములకును జారుచున్నదనియు, పొద్దుపోవువరకు ఆఫీసులో కనబడువానినే పై యధికారులు శ్రద్ధ గలవానిగ నెంచుచున్నారనియు ఆమె కనుగొనిరి. అంతట వారమున మూడు దినములు మధ్యాహ్నము వరకు ఎవరును ఎవరి పనికిని అంతరాయము కలిగింపరాదను కట్టుబాటును పెట్టించి చూచిరి. ఈ వృత్తాంతము 1997లో గ్రంథరూపమున వెలువడినది.

అంతకంటెను నాకు విలువైనదిగ తోచునది, బోస్టన్ కన్సల్టింగ్ గ్రూపులో ఆమె చేయించిన ప్రయోగము. టీములోని ప్రతి వ్యక్తియు వారమున ఒక రాత్రి, ముందుగ నిర్ణయించుకొనిన రాత్రి, ఆరు గంటల తరువాత ఏ పనియు ముట్టరాదు, ఈమెయిలైనను చూడరాదు. ఇష్టమైనవారు పాటించు సౌకర్యముగ గాక, టీమంతయు బాధ్యత వహింపవలసిన నియమముగ దీనిని పెట్టిరి. తొలుత వెనుదీసిన సలహాదారులే, ఒకరు లేని వేళ వేరొకరు ఆ పనిని చూడవలసి వచ్చుటచేత ఒకరి పని నొకరు తెలిసికొని, వారము వారము కూర్చుండి మనసు విప్పి మాటలాడుకొనసాగిరి. ఉద్యోగమునందును గృహజీవితమునందును తమ తృప్తి పెరిగినదని చెప్పిరి. 2009లో హార్వర్డ్ బిజినెస్ రివ్యూలో ఈ ఫలితములు ప్రకటితములైనవి.

ఇది మన యిండ్లకు ఎంత చేరువ విషయమో చూడుడు. వేసవిలో అమెరికా తూర్పుతీరమున రాత్రి 9.30 గంటలైనప్పుడు హైదరాబాదులో ఉదయము 7 గంటలు. ఆ వేళకే హైదరాబాదు టీముతో ఆఫీసు కాల్ మొదలగును. హెడ్‌ఫోన్లు తగిలించుకొని తండ్రి మేడమీది గది తలుపు మూసికొనును, తల్లి వంటగట్టు నొద్ద రేపటి లంచ్ బాక్సు సర్దుచు, ప్రక్కనే తెరచియుంచిన లాప్‌టాప్‌లో తన ఆఫీసు పని చూచుకొనుచుండును, తెలుగు బడి గుణింతముల పుస్తకము పట్టుకొని పిల్లవాడు, "అమ్మా, 'కృ' ఎలా రాయాలి?" అని రెండు మారులడిగి, మెట్లమీద చతికిలబడును. ఆ కాల్‌కు ఆవలి కొనను, ఇంకను కాఫీ చుక్కయైనను గొంతు దిగకుండ కూర్చున్నవారి యిల్లును తరచుగ తెలుగిల్లే గదా!

"వలదని చెప్పవచ్చును గదా" యని కొందరు తేలికగ ననుదురు. హెచ్-1బి వీసాపై నున్నవానికి ఆ మాట యెంత బరువో వారెరుగరు. ఉద్యోగము పోయినచో సాధారణముగ 60 దినములకు మించి గడువు లేని మనిషి, ఇల్లును, పిల్లల చదువును తలచుకొని, నడిరాత్రి కాల్‌కైనను తలయూపును. కావుననే ఒక్కని ధైర్యముపై ఆధారపడక, టీమంతటికిని వర్తించు నియమమే ఇచ్చట అక్కరకు వచ్చునని నా దృఢవిశ్వాసము. అందరికిని సెలవైన సాయంకాలమును కోరుకొన్నవాడు ఒంటరిగ వేలెత్తి చూపబడడు.

నేడు టీములను నడుపు మేనేజర్లలో మనవారు అనేకులు. ఆ సోదరసోదరీమణులకు మా విన్నపము: వచ్చు వారము మొదలుగ మీ టీములో, ఇచ్చటి వారికిని హైదరాబాదు వారికిని, ప్రతి యొక్కరికిని ఒక్క పూటను ముందుగ నిర్ణయించి యిండు; ఆ పూట కాల్‌ను వంతులవారీగ మరియొకరికి అప్పగింపుడు. ఎట్లు సాగినదో, ఎచ్చట చిక్కు వచ్చినదో మాకు వ్రాయుడు. ఆ లేఖలను తరువాతి సంచికలో ప్రకటింతుము.