గర్భిణికి సిఫిలిస్ పరీక్ష చేసిన రోజే భర్తకూ చేయించాలి

లైంగిక సంపర్కం ద్వారా సోకే వ్యాధులలో సిఫిలిస్ ఒకటి. పాతతరం తెలుగువారు దీన్ని సవాయి అనేవారు. ట్రిపోనిమా పాలిడమ్ అనే సూక్ష్మజీవి దీనికి మూలమని 1905లోనే తేలింది. అది సోకిన సుమారు మూడు వారాలకు జననాంగాల వద్ద నొప్పిలేని పుండు ఏర్పడి, మందేమీ వాడకపోయినా కొద్ది వారాలలో దానంతటదే మానిపోతుంది. పుండు మానింది కనుక జబ్బు పోయిందని, ఆర్‌ఎంపీ ఇచ్చిన పూతమందే పనిచేసిందని రోగి నమ్మడంతోనే అసలు నష్టం మొదలవుతుంది. తరువాత అరచేతులలో, అరికాళ్లలో దద్దుర్లు కనిపించి అవీ మాయమవుతాయి. ఏ లక్షణమూ లేకుండా ఏళ్లపాటు శరీరంలో దాగిన వ్యాధి కొందరిలో చివరకు గుండెను, మెదడును దెబ్బతీస్తుంది.

గర్భిణి విషయంలో అన్నేళ్లు పట్టదు. సూక్ష్మజీవి మాయ గుండా గర్భస్థ శిశువును చేరి గర్భస్రావానికి, మృత శిశు జననానికి, పుట్టుకతోనే వచ్చే సిఫిలిస్‌కు దారితీస్తుంది. అందుకే గర్భం నిర్ధారణ అయిన తొలి నెలల్లోనే వీడీఆర్‌ఎల్ పరీక్ష, అంటే ఈ వ్యాధి సోకినప్పుడు రక్తంలో పుట్టే ప్రతిరక్షకాలను గుర్తించే పరీక్ష, జరగాలి. ఇతర కారణాల వల్ల కూడా ఇది పాజిటివ్‌గా రావచ్చు కాబట్టి మరో పరీక్షతో నిర్ధారించుకోవలసి ఉండగా, ఒక్క కాగితం చూసి ఇల్లాలి శీలాన్ని శంకించడం ఘోరమైన అన్యాయం.

చికిత్స సులభమైనదే. తొలి దశలో బెంజథీన్ పెన్సిలిన్ 24 లక్షల యూనిట్లు పిరుదు కండరానికి ఒక్కసారి ఇస్తే సరిపోతుంది. వ్యాధి ఏడాదికి మించినదైనా, ఎప్పుడు సోకిందో తెలియకపోయినా వారానికొకటి చొప్పున 3 మోతాదులు ఇస్తారు. ప్రసవానికి కనీసం 30 రోజుల ముందే మొదలైన చికిత్స తల్లితోపాటు బిడ్డనూ కాపాడగలదు. పెన్సిలిన్ పడనివారికి ఇచ్చే డాక్సీసైక్లిన్ గర్భిణులకు తగదు; కనుక పూర్వం ఇంజెక్షన్ వికటించి ఉంటే ఆ సంగతి వైద్యులకు ముందుగా చెప్పాలి.

అయితే భార్య చేతి నుంచి రక్తం తీస్తుండగా ఆమె ఫైలు పట్టుకుని బయట బెంచీ మీద కూర్చునే భర్తకు కూడా పరీక్ష అవసరమని చాలా కుటుంబాలు తలచవు. అతనికి వ్యాధి ఉండి చికిత్స అందకపోతే, నయమైన భార్యకు గర్భంతో ఉండగానే మళ్లీ సోకవచ్చు. ప్రభుత్వ ఆసుపత్రులలోని ఐసీటీసీ (సమీకృత సలహా, పరీక్ష) కేంద్రాలలో, లైంగిక వ్యాధులకు చికిత్స చేసే సురక్ష క్లినిక్‌లలో పరీక్ష, మందులు ఉచితం, వివరాలు గోప్యం. తండ్రి కాబోయే ప్రతి పురుషుడూ భార్య తొలి పరీక్ష రోజే తన రక్తం కూడా ఇవ్వాలని, చికిత్స అవసరమైతే అది ముగిసేదాకా ఇద్దరూ కలయికకు దూరంగా ఉండాలని విజ్ఞప్తి.