నీరెండలో పొలం

తెలుగు చలనచిత్రాలలో పల్లెటూరి కథ మొదలుకాగానే తరచుగా ఒకే దృశ్యం తెరపై ప్రత్యక్షమవుతుంది. పొద్దు వాలుతూ ఉంటుంది. వరిచేను అంచుల వెంట బంగారు గీతలు మెరుస్తాయి. ఇంటిదారి పట్టిన పశువుల డెక్కల నుండి లేచిన దుమ్ము ఆకాశమంతా పసుపు చల్లినట్లు వ్యాపిస్తుంది. గట్టు మీద నడిచివచ్చే రైతు నల్లని నీడగా, కొండంత ఎత్తుగా కనిపిస్తాడు. చూసేవారి మనస్సు ఒక్క క్షణం పులకిస్తుంది. ఈ పులకింత విలువైనదే. అయితే ఆ నీడలో ఉన్న మనిషి ఎవరు, అతని ముఖం ఎలా ఉంటుంది అన్న ప్రశ్న కూడా అంతే విలువైనది.

ఇటువంటి దృశ్యాలకు ఊహ పుట్టే చోటు హైదరాబాదులోని జూబిలీహిల్స్, ఫిల్మ్‌నగర్ ప్రాంతాలు. 1976లో అక్కినేని నాగేశ్వరరావు అన్నపూర్ణ స్టూడియోను నెలకొల్పిన తరువాత, క్రమంగా పద్మాలయా, రామానాయుడు స్టూడియోల వంటివి వెలసి, మద్రాసులో పెరిగిన తెలుగు చిత్ర పరిశ్రమకు ఈ రాతిగుట్టలు స్థిరనివాసమయ్యాయి. నల్లని బండరాళ్ళు, వాటి నడుమ మేడలు, కార్యాలయాలు, స్టూడియోలు తప్ప ఇక్కడ పైరు పచ్చ కనిపించదు. పొలం కావలసివచ్చినప్పుడు చిత్రబృందం నగర శివారులకో, గోదావరి తీరానికో తరలివెళుతుంది. తీసిన చిత్రానికి మెరుగులు దిద్దే పని మాత్రం మళ్ళీ నగరంలోని చీకటిగదులలోనే జరుగుతుంది. అక్కడ సాయంకాలపు పసుపును మరింత పసుపుగా మార్చడం నేడు చిటికెలో పని. ఈ విధంగా పల్లె చిత్రం పల్లెకు దూరంగానే రూపుదిద్దుకొంటున్నది.

వాలుపొద్దు వెలుగుకు అంత శక్తి ఎక్కడిది? దీనికి ప్రకృతిలోనే సమాధానం ఉంది. సూర్యుడు దిక్చక్రానికి దిగినప్పుడు అతని కిరణాలు, నడినెత్తిన ఉన్నప్పటికంటే సుమారు 38 రెట్లు ఎక్కువ గాలిని దాటి భూమిని చేరాలి. ఆ ప్రయాణంలో నీలికాంతి చెదిరిపోయి ఎరుపు, నారింజ వన్నెలు మిగులుతాయి. కెమెరా సూర్యునికి ఎదురుగా నిలిచినప్పుడు పలుచని వరి ఆకుల గుండా వెలుగు ప్రసరించి, అవి దీపాల వలె వెలుగుతాయి. మామూలు ఎండలో కంటికి ఆనని దుమ్ము, పొగ, మంచు ఎదురు వెలుతురులో స్పష్టంగా రూపుకడతాయి. హైదరాబాదు వంటి ప్రాంతాలలో సూర్యుడు ఇంచుమించు నిటారుగా క్రుంకుతాడు కనుక ఈ వెలుగు అరగంటకు మించి నిలువదు. ఆ కొద్దిసేపటి కోసం ఛాయాగ్రాహకులు పగలంతా వేచి ఉంటారు.

ఈ వెలుగును కేవలం బూటకమని కొట్టిపారవేయడం న్యాయం కాదు. పశువులు మందలుగా ఇంటికి మళ్ళే సమయాన్ని మన పెద్దలు గోధూళి వేళ అన్నారు. దుమ్ములోని అందాన్ని కెమెరా కనిపెట్టక పూర్వమే భాష కనిపెట్టింది. ఎండ తీవ్రతకు వెరచి రైతులు, కూలీలు తెల్లవారుజామునే చేలో దిగుతారు. పొద్దు చల్లబడిన తరువాత మళ్ళీ పని అందుకొంటారు. కనుక నీరెండ రైతు పనివేళలలో నిజమైన భాగమే. బాపు దర్శకత్వంలో 1975లో వచ్చిన ‘ముత్యాల ముగ్గు’కు ఛాయాగ్రాహకుడు ఇషాన్ ఆర్య జాతీయ పురస్కారం పొందారు. తెలుగు నేల అందాన్ని తెరకెక్కించడం ఉన్నతమైన కళ అని ఆ గౌరవం చాటింది. అమెరికాలో టెరెన్స్ మాలిక్ తీసిన ‘డేస్ ఆఫ్ హెవెన్’ 1978లో విడుదలైంది. గోధుమ పొలాల కథ అయిన ఆ చిత్రంలో అధికభాగాన్ని పొద్దుక్రుంకే వేళనే చిత్రించి నెస్టర్ అల్మెండ్రోస్ ఆస్కార్ పురస్కారం అందుకొన్నారు. అందం నేరం కాదు. అందం నేరమైతే ముంగిట ముగ్గు కూడా నేరమే కావాలి.

చిక్కు మరొకచోట ఉంది. ఎదురు వెలుతురులో ఆకాశాన్ని చక్కగా పట్టుకోవాలంటే మనిషి ముఖం చీకటి కాక తప్పదు. ముఖం కావాలంటే రిఫ్లెక్టర్లతో, థర్మోకోల్ అట్టలతో, దీపాలతో దానిపై వెలుగు మళ్ళించాలి. సాధారణంగా ఆ వెలుగు కథానాయకుని ముఖంపై పడుతుంది. వెనుక వంగి నాట్లు వేస్తున్న స్త్రీలు నీడలుగానే మిగిలిపోతారు. వారు ప్రకృతిలో ఒక భాగమై, కొంగల బారు వలె, తాటిచెట్ల వరుస వలె కనిపిస్తారు. ఎవరికి వెలుగు దక్కాలో నిర్ణయించేది సూర్యుడు కాదు, మనిషి. ఇది సాంకేతిక విషయంగా కనిపించే సామాజిక విషయం.

రెండవ లోపం కాలానికి సంబంధించినది. సేద్యానికి ఇరవైనాలుగు గంటలున్నాయి. తెరమీది సేద్యానికి ఆ అరగంటే ఉన్నది. మోకాలిలోతు బురదలో నడుము విరిగేలా వంగే మిట్టమధ్యాహ్నం, మందు పిచికారీ చేసే ఉక్కపోత, నీరు కట్టడానికి మేల్కొన్న రాత్రి, ధర కోసం మార్కెట్ యార్డులో పడిగాపులు పడే పగలు ఆ దృశ్యంలో చోటుచేసుకోవు. 1997-98లో వరంగల్లు జిల్లాలో పంట నష్టపోయి, అప్పులపాలై పత్తి రైతులు ప్రాణాలు తీసుకొన్నారు. వ్యవసాయ సంక్షోభం ఎంతగా ముదిరిందంటే, 2004లో రాష్ట్ర ప్రభుత్వం ఆచార్య జయతీ ఘోష్ అధ్యక్షతన రైతు సంక్షేమ సంఘాన్ని నియమించవలసివచ్చింది. పత్తిచేను కూడా నీరెండలో ముత్యాలు పూసినట్లే ఉంటుంది. ఆ ముత్యాలను మాత్రమే చూసిన కన్ను అప్పు పత్రాన్ని చూడలేదు.

ప్రేక్షకుడు వినోదం కోసం వస్తాడు, కష్టాలు చూడడానికి కాదు అని కొందరు వాదిస్తారు. పగలంతా శ్రమించినవాడు సాయంత్రం కొంత సౌందర్యాన్ని కోరుకోవడం సహజమే. కాని తెలుగు ప్రేక్షకుడు రైతు కష్టాన్ని ఏనాడూ తిరస్కరించలేదు. 1939లో గూడవల్లి రామబ్రహ్మం ‘రైతుబిడ్డ’ ద్వారా జమీందారీ వ్యవస్థలోని అన్యాయాలను ఎత్తిచూపి జమీందార్ల ఆగ్రహానికి గురి అయ్యారు. 1955లో తాపీ చాణక్య ‘రోజులు మారాయి’ తీస్తే జనం ఆదరించారు. బి. నర్సింగరావు నిర్మాణంలో గౌతమ్ ఘోష్ తెరకెక్కించిన ‘మా భూమి’ తెలంగాణ రైతాంగ పోరాటాన్ని కళ్ళకు కట్టింది. ఈ చిత్రాలలో పొలం వెనుక వేలాడే తెర కాదు, అదే కథ.

నీడను కూడా నిజం చెప్పడానికి వాడవచ్చునని ఫ్రెంచి చిత్రకారుడు మిలే నిరూపించాడు. 1857లో ఆయన గీసిన పరిగె ఏరుకొనే స్త్రీల చిత్రంలో దూరాన కుప్పలు బంగారు కాంతిలో మెరుస్తుంటాయి. ముందున్న ముగ్గురు పేదస్త్రీలు నీడలో వంగి, రాలిన కంకులు ఏరుతుంటారు. వారి ముఖాలు స్పష్టంగా కనిపించవు. కాని వంగిన నడుముల బరువు చూపరి గుండెకు తగులుతుంది. పంట ఎవరిదో, పరిగె ఎవరిదో ఆ వెలుగునీడలే చెబుతాయి. నాటి సంపన్నులకు ఆ చిత్రం రుచించకపోవడంలో ఆశ్చర్యం లేదు. అదే ఏటవాలు ఎండ, అదే పొలం. మారినది చూసే దృష్టి.

చలనచిత్రం చూపిన పొలమే నేటి యువతరంలో చాలామందికి తెలిసిన పొలం. 2019లో వచ్చిన ‘మహర్షి’ వారాంతపు సేద్యమనే ఆలోచనను ప్రచారంలోకి తెచ్చింది. తెరకు అంతటి ప్రభావం ఉన్నప్పుడు దానికి బాధ్యత కూడా ఉంటుంది. పొలాన్ని విహారస్థలంగా భావించినవారు రైతును గౌరవిస్తున్నామనుకొంటూనే, గిట్టుబాటు ధర అడిగినప్పుడు అతనిని విసుక్కొనే ప్రమాదం ఉంది. పల్లె నుండి వచ్చిన విద్యార్థి సైతం తన తల్లిదండ్రుల బతుకు తెరమీద ఉన్నంత అందంగా లేదని చిన్నబుచ్చుకొనే ప్రమాదమూ ఉంది.

కనుక కావలసినది నీరెండను బహిష్కరించడం కాదు. ఆ బంగారు అరగంటకు తోడుగా మిట్టమధ్యాహ్నానికీ తెరపై చోటు కల్పించాలి. నాయకునికి పట్టిన రిఫ్లెక్టరును ఒక్కమారు వెనుకనున్న కూలీ వైపు కూడా తిప్పాలి. ఈనాడు కెమెరా ఫిల్మ్‌నగర్ సొత్తుగా మిగలలేదు. ప్రతి యువకుని, యువతి చేతిలోని ఫోనులోనూ ఉంది. పొలం గట్టున నిలబడి అస్తమిస్తున్న సూర్యుని ఫొటో తీసేవారు, ఆ చేనులో పనిచేస్తున్న మనిషిని పలకరించి, పేరు అడిగి, పంట సంగతి తెలుసుకొంటే ఆ చిత్రానికి నిండుదనం వస్తుంది. సూర్యుడు పైరుకు వెలుగు ఇస్తాడు. పైరు పండించినవారికి వెలుగు ఇవ్వవలసినది సాటి మనుషులే.